గొంతు ఆయనదే, గది ఎవరిది?

"నా దగ్గరున్నది బటన్ల ఫోను సార్," అన్నాడు వంటాయన. "దాంట్లో అవతలివాళ్ళ మాటే సరిగ్గా వినపడదు. ఇంక రికార్డింగు నేనెక్కడ చేస్తాను?"

కుడిచేతికి మోచెయ్యి దాటేదాకా పిండికట్టు ఉంది. ఎడమచేత్తో దిండు కింద తడుముకుని ఫోను తీసి ఇచ్చాడు. డిటెక్టివ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంకెలు సగం అరిగిపోయాయి. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"నిన్ను కొట్టిందెవరు?"

"ఛైర్మన్‌గారి మనుషులు. గెస్ట్‌హౌస్ పెరట్లో గిన్నెలు దించుకుంటుంటే వచ్చి పడ్డారు."

"ఏమని అడిగారు?"

"అదే సార్ నాకూ అంతుపట్టనిది. ఏమీ అడగలేదు. ఆయన మాటలు రికార్డు చేసింది నువ్వేనంట కదా అని వాళ్ళే చెప్పారు, వాళ్ళే కొట్టారు. ఎవరు చేయమన్నారు, ఎవరికి పంపావు అని ఒక్క ముక్క అడిగితే ఒట్టు."

డిటెక్టివ్ ఫోను తిరిగి దిండు కింద పెట్టేశాడు. పోలీసు ఉద్యోగానికి రాజీనామా చేసి చాలా కాలమైనా, స్టేషన్లో పాతవాళ్ళు పెట్టిన 'మాజీ' అనే పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన చూసింది ఒకటే. ఇంట్లోంచి గుట్టు బయటికి పోయిందని నిజంగా నమ్మినవాడు ముందు అడిగేది, ఎవరికి చేరింది అని. ఆ మాట అడగకుండా చెయ్యి విరగ్గొట్టారంటే వాళ్ళకి జవాబు అక్కర్లేదు. దెబ్బలు నలుగురి కంటా పడాలి, అంతే.

"మీ డాక్టరమ్మ నన్ను నమ్మింది సార్," అన్నాడు వంటాయన. "నా పిల్లలిద్దరూ ఈ ఆసుపత్రిలోనే పుట్టారు. మగాణ్ణి ప్రసూతి వార్డులో పడుకోబెట్టారని జనం నవ్వుకుంటున్నారంట. నవ్వుకోనీండి."

*

ఆ ప్రసూతి ఆసుపత్రి పైఅంతస్తులోనే డాక్టరమ్మ ఇల్లు. ఊళ్ళో సగం మంది పిల్లల తలని మొదట పట్టుకున్న చెయ్యి ఆమెది. ఈసారి మునిసిపల్ ఛైర్మన్ పదవికి నిలబడింది. ఇప్పుడున్న ఛైర్మన్ మీదే పోటీ. ప్రచారానికి ఆ సాయంత్రంతో గడువు తీరిపోతుంది. చివరి సభ మైదానంలో పెట్టారు.

మాజీ మెట్లెక్కి వెళ్ళేసరికి ముగ్గురున్నారు. డాక్టరమ్మ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ప్రచారమంతా భుజాన వేసుకు నడిపిస్తున్న ఆమె తమ్ముడు రెండు ఫోన్లు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూడో మనిషి డాక్టరమ్మ పార్టీ పెద్దాయన పంపిన ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ పరిశోధకుడు. ఉక్కపోతలో కూడా మెడకి టై వదులు చెయ్యడు కాబట్టి కార్యకర్తలందరూ ఆయన్ని 'టై' అనే పిలుస్తున్నారు. వీపు వెనకే అనుకోండి.

"మళ్ళీ ఒకసారి వినిపించండి," అన్నాడు మాజీ.

తమ్ముడు విసుగ్గా ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు. రెండు రోజులుగా ఊరంతా వింటున్న గొంతే.

"కాలవ గట్టోళ్ళ సంగతా? ఓట్లయ్యేదాకా వాళ్ళు నా చుట్టాలు. లెక్కింపు అయిన మర్నాడు బుల్డోజరు. ఎక్కడికి పోతారంటావా? ఎక్కడికైనా పోనీ. ఈగల్ని తోలితే ఎక్కడ వాలాయో మనం చూస్తామా?"

ఛైర్మన్ గొంతు. చివరి మాటల కింద 'ఉస్స్' మని పొడుగ్గా ఆవిరి చప్పుడు. ఆ వెంటనే చిన్న గంట. అంతటితో అయిపోతుంది.

"ఇంకేం కావాలండీ?" అన్నాడు టై. "గొంతు నూటికి నూరుపాళ్ళూ ఆయనదే. యంత్రం తేల్చింది. మాటలు అతికించినవి కావు. వెనక వినపడేది కుక్కరు. వంటింటి పక్కన భోజనాల గది ఉంటుంది. గెస్ట్‌హౌస్‌లో రికార్డు చేశారని దీంతో పాటు వచ్చిన సందేశంలోనే ఉంది. నా రిపోర్టు పొద్దున్నే పెద్దాయనకి ఇచ్చేశాను."

"సందేశం పంపిందెవరు?"

"తెలియని నంబరు," అన్నాడు తమ్ముడు. "నా ఫోనుకే వచ్చింది. తర్వాత ఆ నంబరు పనిచెయ్యడం లేదు."

"మీ యంత్రాన్ని ఏమడిగారు?" అన్నాడు మాజీ టై వైపు తిరిగి.

"గొంతు ఆయనదా కాదా అని."

"చెప్పింది కదా. మరి ఎవరితో మాట్లాడుతున్నాడని అడిగారా?"

"నన్ను అది అడగలేదు."

"పోతారంటావా, అన్నాడు. ఎదుటివాడు ఏదో అడిగితేనే ఆ మాట వస్తుంది. అడిగిన గొంతు ఏది? వంటవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కాలవ గట్టు కాలనీ సంగతి చర్చించాడంటారా?"

టై నవ్వాడు. "చూడండి మాజీగారూ. మీ కాలంలో బూటు గుర్తులు కొలుచుకుంటూ కూర్చునేవాళ్ళు. మాకంత తీరిక లేదు. సాయంత్రం సభలో ఈ క్లిప్పు వేస్తారు. పెద్దాయన స్వయంగా వచ్చి వేదిక మీద కూర్చుంటున్నారు. అది అయిపోగానే ఆయన మాట్లాడతారు. మీరిప్పుడు అడ్డం పడితే మిగతా జీవితమంతా తప్పిపోయిన కుక్కపిల్లల్ని వెతుక్కోవాల్సి వస్తుంది."

"కుక్కపిల్లలు మంచివేనండీ. ఎవరు తిండి పెడితే వాళ్ళకి అనుకూలంగా రిపోర్టు రాయవు."

టై మొహంలో నవ్వు పోయింది. డాక్టరమ్మ చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది.

"నాకు కావలసింది ఒకటే," అంది. "సాయంత్రం మైకు ముందు నిలబడి ఇది నిజం అని నేను చెప్పొచ్చా? చెప్పొచ్చంటే చెబుతాను. ఈ మాటలు ఆయన అన్నచోట కాక ఇంకోచోట అన్నట్టు, ఆ మనిషితో కాక ఇంకో మనిషితో అన్నట్టు చెప్పాల్సివస్తే మాత్రం నోరు విప్పను. కింద ఒక మనిషి చెయ్యి విరిగి పడుకుని ఉన్నాడు. ఈ కథలో ఎక్కడో అబద్ధం లేకపోతే ఆ చెయ్యి విరిగేది కాదు."

"ఓడిపోతాం అక్కా," అన్నాడు తమ్ముడు.

"ఓడిపోతే మళ్ళీ కిందికి దిగి కాన్పులు చేసుకుంటాను. నా పని నాకుంది."

"రోగిని బల్ల మీద పడుకోబెట్టి ఇప్పుడు పుస్తకాలు తిరగేస్తావా?"

"పరీక్షలు చూడకుండా కత్తి పట్టుకోమంటావా?"

టై సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. దిగుతూనే ఎవరికో ఫోను కలిపాడు.

*

ఛైర్మన్ గెస్ట్‌హౌస్ ముందు జీపులు బారులు తీరి ఉన్నాయి. మాజీని చూసి గేటు దగ్గర ఇద్దరు లేచారు గాని, లోపలినుంచే "రానీండి" అని ఛైర్మన్ కేకేశాడు. భారీ మనిషి. సోఫాలో కూర్చుంటే పక్కన ఇంకొకరికి చోటుండదు.

"డాక్టరమ్మ తరపున వచ్చావా?"

"ఆమె పిలిస్తే వచ్చాను. తరపు నిజానిది."

"అబ్బో. ఆ గొంతు నాది కాదు. రాసుకో. ఇంక పో."

"మరి వంటాయన చెయ్యి ఎందుకు విరగ్గొట్టించారు?"

"నమ్మకద్రోహం చేశాడు. నా ఇంట్లో తిని నా మాటలు బయటికి..." అంటూ ఆగిపోయాడు ఛైర్మన్.

"గొంతే మీది కానప్పుడు ఆయన బయటికి మోసిన మాటలెవరివి?"

గదిలో ఉన్న నలుగురు అనుచరులు నేల చూపులు చూశారు. ఛైర్మన్ మెల్లిగా నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"రెండు రోజులైంది," అన్నాడు మాజీ. "మీ గొంతు కాకపోతే పోలీసులకి ఎందుకు ఫిర్యాదు చెయ్యలేదు? ఎన్నికల అధికారికి ఒక్క కాగితం ఎందుకు పెట్టలేదు? ఇంత అన్యాయం జరిగిన మనిషి ఊరు అదిరిపోయేలా అరవాలి. మీరేమో వంటాయన్ని కొట్టించి ఊరుకున్నారు. గెస్ట్‌హౌస్‌లోనే జరిగింది అని జనం నమ్మాలి, అదీ మీ అవసరం. మిమ్మల్ని తిట్టే కథకి మీరే సాక్ష్యం తయారు చేశారు. ఎందుకు?"

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు."

"భోజనాల గది చూడొచ్చా?"

ఛైర్మన్ వెంటనే "చూసుకో" అన్నాడు. ఇంత సులభంగా ఒప్పుకుంటాడని మాజీ అనుకోలేదు. ఆ గదిలో దొరికేది ఏమీ లేదని ఆయనకి తెలుసన్నమాట.

గదిలో కాళ్ళు కూరుకుపోయేంత మందం తివాచీ. కిటికీలకి నేలదాకా బరువైన తెరలు. కుర్చీలన్నీ మెత్తటివి. మాజీ గది మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది. క్లిప్పులో ఛైర్మన్ గొంతు బావిలోంచి వచ్చినట్టు మోగుతుంది. అది బోసి గోడలున్న గది.

వంటిల్లు ఎక్కడని అడిగితే అనుచరుడొకడు పెరడు దాటి అవతల ఉన్న రేకుల షెడ్డు చూపించాడు. మాజీ అక్కడికి నడిచి వెళ్ళాడు. అన్నీ పెద్ద పెద్ద గిన్నెలు, గంగాళాలు. కుక్కరు ఎక్కడా లేదు. ఉన్నా అంత దూరంనుంచి భోజనాల గదిలోకి వినిపించదు. పైగా కుక్కరు ఈల వేస్తుంది. క్లిప్పులోది ఈల కాదు. ఎవరో పళ్ళ సందునుంచి ఊపిరంతా ఒక్కసారి వదిలినట్టు ఉంటుంది.

తిరిగి వస్తుంటే వరండాలో ఛైర్మన్ ఎదురొచ్చాడు. ఈసారి చుట్టూ మనుషులు లేరు.

"ఒక సంగతి చెప్తా విను," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ కేసు ఇక్కడితో వదిలెయ్. నా కోసం కాదు. నీకు పనిచ్చిన ఆ తల్లి కోసం. నువ్వు తవ్వుకుంటూ పోతే నా ఇంట్లో తేలవు."

*

మాజీ మళ్ళీ ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ ఇంటింటి ప్రచారంలో ఉంది. తమ్ముణ్ణి ఆ తెలియని నంబరు గురించి ఇంకోసారి అడగాలి. అతని గది కింద, వార్డులు దాటాక, చిట్టచివర ఉంది. తలుపు తెరిచే ఉంది గాని మనిషి లేడు. మాజీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నున్నటి పలకలు పరిచిన నేల. గోడల మీద ఒక్క పటం లేదు. మూల పాత ప్రచార బోర్డులు చేర్చి పెట్టి ఉన్నాయి. ఇటుపక్క గోడకి పైన చిన్న గవాక్షం. కిటికీలోంచి పెరటి గుమ్మం, దానికి ఆనుకుని వీధి కనిపిస్తున్నాయి. ముందునుంచి రాకుండా ఎవరైనా అటునుంచి ఈ గదిలోకి వచ్చి వెళ్ళొచ్చు. వచ్చినా అనుమానం రాదు. ఆసుపత్రికి ఎందుకొచ్చావని ఎవరూ ఎవర్నీ అడగరు.

ఛైర్మన్ అన్న చివరి మాట ఆయన చెవిలో తిరుగుతూనే ఉంది. నా ఇంట్లో తేలవు.

అప్పుడే గవాక్షంలోంచి 'ఉస్స్' మని ఆవిరి చప్పుడు పొడుగ్గా వినిపించింది. చప్పుడు ఆగీ ఆగకముందే చిన్న గంట మోగింది.

మాజీ కుర్చీలోంచి లేచాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి క్లిప్పు పెట్టాడు. ఈగల్ని తోలితే ఎక్కడ వాలాయో. ఉస్స్. గంట. చప్పట్లు కొట్టి చూశాడు. నాలుగు గోడలూ తిరిగి కొట్టాయి.

నర్సు ఒకామె తలుపులోంచి తొంగి చూసింది. "ఏమైంది సార్, చప్పట్లు కొడుతున్నారు?"

"ఇప్పుడు వచ్చిన చప్పుడేంటమ్మా?"

"ఏ చప్పుడు?"

"ఆవిరి. తర్వాత గంట."

ఆమె గవాక్షం వైపు చూసింది. "ఓ, అదా. పక్కగదిలో పనిముట్లు ఉడకబెట్టే మిషను సార్. పొద్దున్నుంచీ పది సార్లు వస్తుంది. మాకు అది చప్పుడులాగే అనిపించదు."

అందుకే డాక్టరమ్మ గుర్తుపట్టలేదు. తమ్ముడూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి ఉంటే ఆ చివరి ముక్క కోసేసి ఉండేవాడు. రోజూ వినే చప్పుడు కాబట్టి అతని చెవి దాన్ని దాటేసింది.

"డాక్టరుగారికి ఫోను చేసి, ఉన్నపళంగా రమ్మనండి," అన్నాడు మాజీ. "తమ్ముడికి మాత్రం చెప్పొద్దు."

*

తమ్ముడు గదిలోకి వచ్చేసరికి అతని కుర్చీలో అక్క కూర్చుని ఉంది. మాజీ కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. బల్ల మీద ఫోనులో క్లిప్పు నడుస్తోంది. డాక్టరమ్మ నర్సుతో చెప్పి మిషను మళ్ళీ పెట్టించింది. అదీ ఇదీ ఒకదాని వెనక ఒకటి వినిపించాయి.

తమ్ముడు తలుపు పిడి పట్టుకునే ఉండిపోయాడు.

"ఛైర్మన్ ఈ గదిలో ఎప్పుడు కూర్చున్నాడు?" అంది డాక్టరమ్మ.

"అక్కా, అది వేరే..."

"నేను అడిగింది అది కాదు."

"పోయిన వారం. నువ్వు మార్కెట్లో ప్రచారానికి వెళ్ళినప్పుడు. వాళ్ళ చుట్టాలమ్మాయి ఇక్కడ కాన్పయింది కదా, చూట్టానికి వచ్చినట్టు వచ్చాడు."

"తెలియని నంబరు కూడా మీదే," అన్నాడు మాజీ. "క్లిప్పు మీరే బయటికి వదిలి, మీరే మీకు పంపుకున్నారు. గెస్ట్‌హౌస్ కథ మీరు అల్లారు. అసలు చోటు చెబితే ఆయనా మునుగుతాడు కాబట్టి ఛైర్మన్ దానికి వంతపాడాడు. మీ ఇద్దరి మధ్యా ఒక మాట కూడా జరగక్కర్లేకుండా వంటాయన చెయ్యి విరిగింది."

"నేను కొట్టించలేదు," అన్నాడు తమ్ముడు.

"లేదు. చూస్తూ ఊరుకున్నారు."

డాక్టరమ్మ చెయ్యి చాపింది. "పూర్తి రికార్డింగు పెట్టు."

తమ్ముడు కదల్లేదు. చిన్నప్పుడు అతనికి జ్వరమొస్తే నాలుక చూపించమని ఏ గొంతుతో చెప్పేదో, అదే గొంతుతో ఆమె మళ్ళీ చెప్పింది. అతను రెండో ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

క్లిప్పులో లేని గొంతు ముందు వినిపించింది. అతనిదే. "మరి పిల్లాజెల్లా ఉన్నవాళ్ళు, ఎక్కడికి పోతారు?" ఆ తర్వాత ఛైర్మన్ ఈగల మాట. తర్వాత బేరం. ఎవరు గెలిచినా గట్టు ఖాళీ చేయించాలి. అక్కడ దుకాణాల సముదాయం కట్టాలి. కట్టే పని చెరి సగం. "మీ అక్క ఒప్పుకుంటుందా?" అని ఛైర్మన్. "అక్క సంగతి నేను చూసుకుంటాను. సంతకం కోసం ఏ కాయితమైనా ముందు పెట్టేది నేనే కదా," అని తమ్ముడు.

రికార్డింగు ఆగిపోయింది.

డాక్టరమ్మ ఫోను తన వైపు లాక్కుంది.

"నువ్వు గెలవాలనే చేశాను అక్కా," అన్నాడు తమ్ముడు. "ఈ ఎన్నిక మనకి చెయ్యిజారిపోతోంది. ఆ ముక్క ఒక్కటి వదిలితే నువ్వు గెలుస్తావు. గెలిచాక గట్టు సంగతి ఏదో ఒకటి చెయ్యొచ్చనుకున్నాను. అందులో అబద్ధం మాత్రం ఏముంది? ఆ మాటలు ఆయన అన్నవే కదా."

"అన్నవే. నువ్వు విన్నవి కూడా. విని లేచి రాలేదు నువ్వు."

"ఇంతేనా రికార్డింగు?" అన్నాడు మాజీ.

"ఇంతే," అన్నాడు తమ్ముడు. ఆ మాట అంటూ అతను అక్క వైపు కూడా చూడలేదు, పెరటి గుమ్మం వైపు చూశాడు. మాజీ దాన్ని గమనించాడు. ఇంకో ప్రశ్న వేసేలోపు డాక్టరమ్మ ఫోను మోగింది. ఆమె స్పీకరు పెట్టింది.

"డాక్టరుగారూ, నేనే," అన్నాడు ఛైర్మన్. గొంతులో ఎక్కడలేని మర్యాద. "మీ మనిషి నా ఇంట్లోంచి వెళ్ళిన తీరు చూస్తే ఈపాటికి మీకు తెలిసి ఉంటుంది. పెద్దవాళ్ళం, తొందరపడొద్దు. ఆ మొత్తం బయటపెడితే నేనొక్కణ్ణే కాదు, మీరూ మునుగుతారు."

"మునుగుదాం," అంది డాక్టరమ్మ.

"ఏంటి?"

"ఇద్దరం కలిసి మునుగుదాం. ఊరు తేలుతుంది." ఫోను పెట్టేసి లేచింది. తమ్ముడి ఫోను తన సంచీలో వేసుకుంది.

గదిలోంచి ఆమె ముందు వార్డులోకి వెళ్ళింది. వంటాయన మంచం పక్క నిలబడి, "నీ చెయ్యి విరగడానికి కారణమైన అబద్ధం మా ఇంట్లో పుట్టింది," అంది. "ఆ మాట ఈ సాయంత్రం అందరి ముందూ చెబుతాను. ముందు నీకు చెప్పాలనిపించింది."

వంటాయనకి ఏమనాలో తెలియక, "మీకు ఓట్లు పోతాయేమోనమ్మా," అన్నాడు.

"పోనీ."

*

ఎండ ఇంకా తగ్గకముందే మైదానం నిండిపోయింది. కాలవ గట్టు కాలనీ నుంచి కుటుంబాలకి కుటుంబాలు వచ్చి ముందు వరసల్లో కూర్చున్నాయి. వేదిక మీద రెండే కుర్చీలు. ఒకదాంట్లో తెల్లటి బట్టల్లో పార్టీ పెద్దాయన. ఆయన నవ్వుతూ జనానికి చెయ్యి ఊపుతున్నాడు. వేదిక పక్క, జనరేటరు దగ్గర టై నిలబడి ఉన్నాడు.

మాజీ వెనక వరసలకి వెళ్ళి నిలబడ్డాడు. గొడవ మొదలైతే మొదట కదిలేది వెనకవాళ్ళే. అక్కణ్ణుంచి అందరూ కనిపిస్తారు.

డాక్టరమ్మ మైకు ముందుకి వచ్చింది. కాగితం లేదు.

"మీ అందరి ఫోన్లలో ఛైర్మన్‌గారి గొంతు ఉంది. అది ఆయన గొంతే. కాని ఆయన ఆ మాటలు గెస్ట్‌హౌస్‌లో అనలేదు. వంటాయన రికార్డు చెయ్యలేదు. ఆ మాటలు అన్నది నా ఆసుపత్రిలో. నా ఇంటి గోడల మధ్య. ఆయన ఎదురుగా కూర్చుని గట్టుని అమ్మకానికి పెట్టిన రెండో మనిషి..."

మైకు ఠక్కున ఆగిపోయింది. జనరేటరు చప్పుడు కూడా ఆగింది. టై చేతులు తుడుచుకుంటూ పక్కకి జరిగాడు. పెద్దాయన సానుభూతిగా తల అడ్డంగా ఊపి, చేత్తో డాక్టరమ్మని కూర్చోమన్నట్టు సైగ చేశాడు.

ఆమె కూర్చోలేదు. వేదిక అంచుకి వచ్చింది. పెదవులు కదిలాయి గాని వెనక్కి ఏమీ వినపడలేదు. మైదానమంతా గోల. అప్పుడు ముందు వరసలో ఒక ముసలాయన లేచి వెనక్కి తిరిగి, ఆమె అన్న మాట వెనక వరసకి గట్టిగా చెప్పాడు. ఆ వరస తిరిగి తమ వెనకవాళ్ళకి చెప్పింది. కొంచెం సేపటికి గోల తగ్గింది. ఆమె ఒక వాక్యం చెప్పి ఆగుతోంది. ఆ వాక్యం వరస వరసా దాటుకుంటూ వెనక్కి నడిచి వస్తోంది.

మాజీ ముందున్న స్త్రీ, చంకలో బిడ్డతో, ఆయన వైపు తిరిగింది. ఆయనెవరో ఆమెకి తెలియదు.

"ఆ రెండో మనిషి నా తమ్ముడు, అంటోంది డాక్టరమ్మ. వెనకవాళ్ళకి చెప్పండి."

మాజీ వెనక్కి తిరిగాడు. వెనక నిలబడి ఉన్నది తమ్ముడే. జుట్టు చెదిరి ఉంది. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"మీ అక్క పంపిన మాట ఇది," అన్నాడు మాజీ. "వినపడిందా?"

"వినపడింది. అక్క నా పేరు చెప్పదనుకున్నాను. చెప్పేసింది. ఇంక నేను ఎవర్ని కాపాడాలి?"

"ఇంకెవరున్నారు కాపాడటానికి?"

"రికార్డింగు మీకు పూర్తిగా ఇవ్వలేదు. చివర ఇంకో ముక్క ఉంది. దాన్ని వేరేగా దాచాను. ఆ గదిలో మేం ఇద్దరం కాదు, ముగ్గురం. ఛైర్మన్‌ని పెరటి గుమ్మంలోంచి తీసుకొచ్చిందీ, చివర్లో ఆ చెరి సగం బేరం ఖాయం చేసిందీ మూడో మనిషే." అతను చెయ్యెత్తి వేదిక వైపు చూపించాడు. "అక్క పక్కన కూర్చున్నాడు చూడండి."

మాజీ వేదిక వైపు చూశాడు. మెట్ల దగ్గర పెద్దాయన మనుషులు నలుగురు చేరుతున్నారు. వాళ్ళు ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నారు. పరిగెత్తినా ఆ జనంలోంచి ఆయన సమయానికి చేరలేడు.

ముందున్న స్త్రీ భుజం తట్టాడు. "అమ్మా, ఈ మాట ముందుకి పంపండి. మూడో మనిషి పెద్దాయన. తమ్ముడే ఇక్కడ నిలబడి చెబుతున్నాడు."

ఆమె ఒక్క క్షణం తమ్ముడి మొహంలోకి చూసింది. అతను తలూపాడు. ఆమె తిరిగి ముందు వరసకి చెప్పింది. అంతవరకూ వెనక్కి నడిచిన మాట ఇప్పుడు ముందుకి నడవడం మొదలుపెట్టింది. అది వెళ్ళిన చోటల్లా తలలు వేదిక మీది కుర్చీ వైపు తిరిగాయి. మైదానం సగం దాటేసరికి పెద్దాయన నవ్వు ఆగింది. ముప్పాతిక దాటేసరికి ఆయన కుర్చీలోంచి లేచాడు. మెట్ల మీది మనుషులు చివరి మెట్టు ఎక్కారు.

ముందు వరస ముసలాయన వేదిక అంచుకి మొహం ఎత్తి ఏదో చెప్పాడు. డాక్టరమ్మ వంగి విన్నది. రెండోసారి చెప్పించుకుని విన్నది. ఆ తర్వాత నిటారుగా లేచి, వెనక్కి తిరిగి, తన పక్కనుంచి జారుకోబోతున్న పెద్దాయన దారికి అడ్డంగా నిలబడింది. మెట్ల మీద నలుగురూ ఆమె మీదికి రెండడుగులు వేశారు. కాలనీ ఆడవాళ్ళు వరసకి వరస లేచి వేదిక చుట్టూ కమ్ముకున్నారు. ఆ నలుగురూ అక్కడే ఆగిపోయారు.

మైదానంలో ఎవరూ ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు. అందుకే ఈసారి ఆమె మాట ఎవరూ అందించకుండానే చివరి వరసదాకా వినపడింది.

"మీరు మాట్లాడాలన్నారు కదా పెద్దాయనా, మాట్లాడండి. మైకు ఆపింది మీ మనుషులే. కాస్త గట్టిగా చెప్పండి."